రౌతు, రావుత్తర్, హద్దాద్: ఇంటిపేరు ఏ మతానిది?

1930ల్లో జొహోర్ రాష్ట్రానికి ముఫ్తీగా నియమితుడైన పండితుడి పేరు సయ్యద్ అల్వీ బిన్ తాహిర్ అల్-హద్దాద్. ఆయన యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1930లోనే ట్యూనిస్ నగరంలో ముస్లిం స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసి, మతపెద్దల ఆగ్రహానికి గురై, 1935లో కన్నుమూసిన సంస్కర్త పేరు తాహర్ హద్దాద్. అదే నగరంలో 1940లో ఒక యూదు కుటుంబంలో పుట్టి, తర్వాత ఫ్రాన్స్‌లో మనోవిశ్లేషకుడిగా పేరు తెచ్చుకున్న రచయిత జెరార్ హద్దాద్. ముగ్గురి పేర్లలోనూ ఉన్నది ఒకే అరబ్బీ మాట. హదీద్ అంటే ఇనుము; హద్దాద్ అంటే కమ్మరి. ఇలాంటి మూడు పేర్లు పక్కపక్కన కనబడగానే ఎవరికైనా తోచే ప్రశ్న ఒకటుంది: వీళ్లంతా ఒకప్పుడు ఒక్కటేనా, ఎవరు ఎవరినుంచి విడిపోయారు? ఆ ప్రశ్న వేయడంలోనే దోషం ఉందని నా అభిప్రాయం. మలేషియాలో వాడుకలో ఉన్న పేర్లను, ముఖ్యంగా అక్కడి తెలుగువారి పేర్లను ముందుంచుకొని ఆ దోషం ఎక్కడుందో చూపడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

ముందు ఉత్తర ఆఫ్రికా సంగతి. అక్కడ యూదులూ ముస్లిములూ పంచుకున్న ఇంటిపేర్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం వృత్తుల పేర్లు, ఊళ్ల పేర్లు. హద్దాద్ కమ్మరి, నజ్జార్ వడ్రంగి, సబ్బాగ్ అద్దకం పనివాడు. ట్రాబెల్సీ అంటే ట్రిపోలీవాడు. 2011లో దేశం విడిచి పారిపోయిన ట్యూనీషియా అధ్యక్షుడు బెన్ అలీ భార్య లైలా పుట్టింటి పేరు ట్రాబెల్సీ. జెర్బా ద్వీపంలోని ప్రాచీన యూదు సమాజానికి చాలాకాలం పెద్దగా ఉన్న పెరేజ్ ఇంటిపేరూ ట్రాబెల్సీయే. ఈ ఇద్దరికీ చుట్టరికం కల్పించవలసిన అగత్యం లేదు. ట్రిపోలీ నుంచి వచ్చిన ముస్లింను ఇరుగుపొరుగువారు ఏమని పిలిచారో, ట్రిపోలీ నుంచి వచ్చిన యూదునూ అలాగే పిలిచారు. ఇద్దరూ వచ్చిన ఊరు ఒకటి, వాళ్లను పిలిచినవాళ్ల భాష ఒకటి. ఆ పేరు చెప్పగలిగింది అంతవరకే.

హద్రమౌత్ హద్దాదుల కథ మరీ చిత్రం. వాళ్లు సయ్యదులు, అంటే ప్రవక్త వంశీకులమని చెప్పుకొనేవారు. వారిలో ప్రసిద్ధుడు తరీమ్ పట్టణానికి చెందిన అబ్దుల్లా బిన్ అలవీ అల్-హద్దాద్ (1634-1720). ఆయన కూర్చిన ప్రార్థనల మాలను, రాతిబ్ అల్-హద్దాద్‌ను, మలేషియా మసీదుల్లో నేటికీ సామూహికంగా పఠిస్తారు. ఆ కుటుంబంలో ఎవరూ కమ్మరి పని చేయలేదట. పూర్వికుడొకడు తరచుగా కమ్మరి కొలిమి దగ్గర కూర్చొనేవాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ కుటుంబ సంప్రదాయం చెబుతుంది. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ కథ మనకొక హెచ్చరిక. వృత్తి పేరు మోసేవాడు ఆ వృత్తివాడే కానక్కరలేదు. ఒక్కోసారి కొలిమి పక్కన కూర్చున్నా చాలు.

అయితే పేర్ల మీద పరిశోధన చేసేవారికి ఈ సామాన్యమైన వివరణ రుచించదు. అల్జీర్స్ నగరపు ప్రధాన రబ్బీ మోరిస్ ఐజెన్‌బెత్ 1936లో ఉత్తర ఆఫ్రికా యూదుల జనాభా గురించీ పేర్ల గురించీ ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అది ఎంతో శ్రమతో చేసిన పని, ఇప్పటికీ పనికివచ్చే పని. కానీ యూదుల పేర్లన్నిటినీ ఒకచోట చేర్చడంతోనే అవి యూదుల పేర్లయిపోయినట్టు ఒక భ్రమ కలుగుతుంది. పక్కింటి ముస్లిముల పేర్ల జాబితా పక్కన ఉంచి చూస్తే వాటిలో చాలా పేర్లు రెండింటా కనబడేవి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలనూ తెగలనూ అక్షరక్రమంలో ఏడు సంపుటాలుగా పేర్చినప్పుడు మనకూ జరిగింది అదే. పట్టికలో ఒక పేరుకు ఒకే గడి ఉంటుంది. వీధిలో ఆ పేరు పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు.

ఇక మలేషియాకు వద్దాం. అక్కడి భారతీయ ముస్లిములలో తమిళం మాట్లాడే రావుత్తర్లు ఒక ముఖ్యమైన వర్గం. సముద్ర వ్యాపారులైన మరక్కాయర్లు ఎక్కువగా షాఫీ సంప్రదాయాన్ని పాటిస్తే, లోతట్టు ప్రాంతాల రావుత్తర్లు ఎక్కువగా హనఫీ సంప్రదాయాన్ని పాటిస్తారు. రావుత్తర్ అంటే గుర్రపు రౌతు. ఈ మాట మనకు కొత్త కాదు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నది మనం రోజూ వాడే సామెత. రౌతు ఇంటిపేరుగా గల హిందూ కుటుంబాలు ఉత్తరాంధ్రలోనూ గోదావరి ప్రాంతంలోనూ ఉన్నాయి. ఒరియాలో రౌత్, మరాఠీలో రావుత్ ఇదే మాట. సంస్కృత రాజపుత్ర శబ్దం ప్రాకృతంలో అరిగి రాఉత్త అయి, అక్కడినుంచి ఈ రూపాలన్నీ వచ్చాయని నిఘంటుకారులు చెబుతారు. అంటే కౌలాలంపూరులోని ఒక ముస్లిం కుటుంబమూ రాజమహేంద్రవరంలోని ఒక హిందూ కుటుంబమూ ఒకే ఇంటిపేరును రెండు ఉచ్చారణల్లో మోస్తున్నాయి. మలేషియాలో హద్దాద్ సమస్యకు అతి దగ్గరి ఉదాహరణ ఇదే అనుకుంటాను.

ఇక్కడ రెండు సులభమైన వ్యాఖ్యానాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి: రావుత్తర్లు మతం మారిన రౌతులు, కనుక మూలంలో ‘మనవాళ్లే’. రెండవది: రావుత్తర్ అన్నది ముస్లిం బిరుదు, తురుష్క ఆశ్వికులతో దక్షిణాదికి వచ్చింది, హిందువులు దాన్ని అరువు తెచ్చుకున్నారు. రెండూ పేరుకు ఒక యజమాని ఉండాలన్న పట్టుదలలోంచి పుట్టినవే. చరిత్ర చూపేది వేరు. పదిహేనవ శతాబ్దంలో విజయనగరాన్ని ఏలిన రెండవ దేవరాయలు తన ఆశ్విక బలాన్ని పెంచుకోవడానికి ముస్లిం రౌతులను సైన్యంలో చేర్చుకున్నాడని చరిత్రకారులు చెబుతారు. ఆ కాలంవాడే, ప్రౌఢదేవరాయల పేరు తన పాటల్లో తలచినవాడే, తమిళ భక్తకవి అరుణగిరినాథుడు. ఆయన తన ఇష్టదైవమైన మురుగన్‌ను ‘రావుత్తన్’ అని సంబోధించాడు. మురుగన్ వాహనం నెమలి అని ఆయనకు తెలియక కాదు. గుర్రమెక్కి యుద్ధం చేసే వీరుడికి ఆనాటి భాషలో అంతకన్న గౌరవమైన మాట దొరకలేదు. అదే మాట అప్పటికే ముస్లిం ఆశ్వికులకూ వాడుకలో ఉండి ఉంటే, అది ఆ కవికి అడ్డు కాలేదన్నమాట. తైపూసం నాడు బతు గుహల మెట్లెక్కే లక్షల మందిలో, తాము కొలిచే దేవుడికీ కొండ దిగాక తాము టీ తాగే దుకాణం యజమానికీ ఒకే బిరుదు ఉందని ఎందరికి తెలుసో!

ఇంకొక ఉదాహరణ. తమిళనాడులో సెంజి పరిసరాల ద్రౌపదమ్మ గుళ్లలో అమ్మవారికి కాపలాగా ముత్తాల రావుత్తన్ అనే ముస్లిం వీరుడి మూర్తి ఉంటుంది. ద్రౌపది ఆరాధన మీద విస్తారంగా రాసిన ఆల్ఫ్ హిల్టబైటెల్ ఈ దేవత గురించి ప్రత్యేకంగా చర్చించాడు. భారతకథలో ఈ పాత్ర ఎక్కడిదని అడిగితే సమాధానం లేదు. గుడి ఉన్న నేల మీద మాత్రం ఆ పాత్రకు చోటుంది.

మన నేల మీద ఇలాంటి పేరు వెదకాలంటే దూరం పోనక్కరలేదు. రాయలసీమలో దూదేకులవారిలో నదాఫ్ అన్న పేరు వినబడుతుంది. అరబ్బీలో నద్దాఫ్ అంటే దూదేకేవాడు. నజరేతు ప్రాంతంలో అదే ఇంటిపేరుగల అరబ్బు క్రైస్తవులున్నారు. దూదేకులవారు ముస్లిములు, అయితే ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంట పుట్టినవాడు, గురువు విశ్వబ్రాహ్మణుడు. కొలిమిని కులవృత్తిగా గలవాడు గురువు, దూదేకేవాడు శిష్యుడు. ట్యూనిస్ బజారులో హద్దాద్ దుకాణం పక్కన నద్దాఫ్ దుకాణం ఉన్నట్టే! ఒక తేడా మాత్రం మరచిపోకూడదు. కమ్మరి అన్న మాట మన దగ్గర కులాన్ని కూడా చెబుతుంది, కులం పెళ్లిని నిర్ణయిస్తుంది. హద్దాద్ అన్న మాట అంత పని చేయదు. కాబట్టి ఉత్తర ఆఫ్రికా పోలికను ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించడం కూడా కుదరదు.

ఇక అసలు సంగతి. మలేషియా తెలుగువారిలో ఎక్కువ మంది పూర్వికులు ఉత్తర కోస్తా నుంచి, గోదావరి, కృష్ణా ప్రాంతాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి వెళ్లినవారు. మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ముగిసింది. కంగాణీల ద్వారా కూలీలను చేర్చుకొనే పద్ధతి 1938లో భారత ప్రభుత్వం వలసను నిషేధించేదాకా సాగింది. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతొ పరిసరాలు, కెడా, జొహోర్ తోటలు వారి నివాసాలయ్యాయి. ఆ తోటల పద్దుల్లో కూలీకి రెండు పేర్లు కావాలి: తన పేరు, తండ్రి పేరు. తమిళులలో అదే ఆనవాయితీ, కూలీలలో అత్యధికులు తమిళులే, కనుక గుమాస్తాకు ఇబ్బంది లేకపోయింది. తెలుగువాడి ఇంటిపేరుకు మాత్రం ఆ పద్దులో గడి లేదు. ఇంగ్లీషు కాలంలో ‘ఎస్/ఓ’, ‘డి/ఓ’ అని రాసినవి తర్వాత మలయ్ భాషలో ‘ఎ/ఎల్’, ‘ఎ/పి’ అయ్యాయి: అనక్ లెలాకి, అనక్ పెరెంపువాన్, అంటే ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు. ముస్లిములకు బిన్, బింతి. రెంటికీ అర్థం ఒకటే. కానీ గుర్తింపు కార్డులో ఆ చిన్న మాటను చూసి మనిషి మతాన్ని ఊహించేస్తారు. రావుత్తర్‌కూ రౌతుకూ పేరు ఒకటైనా, బిన్ ఒకరిని ఒక వైపు, ఎ/ఎల్ మరొకరిని ఇంకొక వైపు నిలబెడుతుంది. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరుతో హిందూ, క్రైస్తవ కుటుంబాలు ఎదురెదురు ఇళ్లలో ఉండడం సర్వసాధారణం. మతం మారితే మారేది పెట్టిన పేరే, ఇంటిపేరు ఉండిపోతుంది. మలేషియాలో ఇస్లాం స్వీకరించినవారి పేరు చివర తరచుగా ‘బిన్ అబ్దుల్లా’ చేరుతుంది. అక్కడ తెగిపోయేది తండ్రి పేరే.

ఫ్రెంచివారి పాలనలో అల్జీరియాలోనూ ఇలాంటి పనే జరిగింది. 1870లో క్రెమ్యూ ఉత్తర్వుతో అక్కడి యూదులు ఫ్రెంచి పౌరులయ్యారు, ముస్లిములు కాలేదు. 1882లో చేసిన చట్టంతో ముస్లిములు స్థిరమైన ఇంటిపేర్లు నమోదు చేసుకోవలసి వచ్చింది. ఒకే పేరుగల ఇద్దరు ఇరుగుపొరుగువారు రెండు వేర్వేరు చట్టాల కింద, రెండు వేర్వేరు రిజిస్టర్లలోకి వెళ్లారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకుడు ఏదో ఒక రిజిస్టరు తెరిచి ‘ఇది వారి పేరు’ అన్నాడు.

ఇంటిపేరంటే ఏమిటన్న ప్రశ్న మలేషియా అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. జనన మరణాల నమోదు చట్టం (1957)లో ఇంటిపేరు గురించిన ఒక సెక్షన్ ఉంది. వివాహానికి ఆరు నెలలు నిండకముందు పుట్టిన ఒక ముస్లిం శిశువుకు తండ్రి పేరు పెట్టవచ్చా అన్న వివాదంలో 2020లో ఫెడరల్ కోర్టు మెజారిటీ తీర్పు, మలయ్ ప్రజలకు ఇంటిపేరు అనే ఆచారం లేదు కనుక ఆ సెక్షన్ వారికి వర్తించదని చెప్పింది. ఆ శిశువు పేరులో అధికారులు చేర్చిన ‘బిన్ అబ్దుల్లా’ను తొలగించమని కూడా చెప్పింది. రాజ్యాంగం 160వ అధికరణం ప్రకారం ఇస్లాంను పాటిస్తూ, మలయ్ భాష మాట్లాడుతూ, మలయ్ ఆచారాలను అనుసరించేవారు మలయ్‌లు. ఆ నిర్వచనంలో ఇమిడిపోయిన హద్రమీ కుటుంబాలు అల్-హద్దాద్, అల్-అత్తాస్, అల్-జునైద్ వంటి ఇంటిపేర్లను తరతరాలుగా మోస్తూనే ఉన్నాయి. తీర్పు న్యాయాన్యాయాల జోలికి నేను పోను. ఒక ప్రజకు ఇంటిపేరు ఉందో లేదో కోర్టు తేల్చవలసి రావడమే నాకు ఆసక్తి కలిగించిన విషయం.

తెలుగువారు మాత్రం ఉన్న ఇంటిపేరును పోగొట్టుకున్నారు. పోయినచోట ‘నాయుడు’ను నిలబెట్టుకున్నారు. మలేషియాలో నాయుడు అంటే తెలుగువాడని అర్థం. కానీ నాయుడు ఇంటిపేరు కాదు. నాయక శబ్దం నుంచి వచ్చిన ఆ గౌరవవాచకాన్ని కమ్మ, బలిజ, వెలమ, తూర్పుకాపు మొదలైన అనేక కులాలవారు వాడతారు. ఉత్తరాంధ్రలో అది పెట్టిన పేరులోనే కలిసిపోతుంది: అప్పలనాయుడు, సింహాచలంనాయుడు. అలాంటి అప్పలనాయుడి కొడుకు రమణ అనుకుందాం. కార్డులో అతడు ‘రమణ ఎ/ఎల్ అప్పలనాయుడు’. రమణ కొడుకు ‘ఫలానా ఎ/ఎల్ రమణ’. మూడో తరానికి నాయుడు కూడా లేదు. దాన్ని నిలబెట్టుకోవాలంటే పిల్లవాడి పేరుకే అతికించాలి, చాలామంది చేసింది అదే. ఇక రావు మాట. పెరాక్ రాష్ట్రంలోని గోపెంగ్ చుట్టుపక్కల రావా అనే మలయ్ ముస్లిం సమాజం ఉంది; పశ్చిమ సుమత్రాలోని రావ్ అనే ప్రాంతం నుంచి వచ్చినవారు. ఆ ఊరి పేరునూ మన రావునూ రోమన్ లిపిలో ఒకేలా రాస్తారు. అక్షరాలు కలిసినంత మాత్రాన ఇక్కడ చరిత్ర ఏమీ లేదు. రౌతు, రావుత్తర్ పోలికకు ఆధారం ఉంది. రావు, రావాల పోలికకు లేదు. ఈ విచక్షణ లేనివాళ్ల చేతిలో పేర్ల శాస్త్రం సోది చెప్పడంగా మారిపోతుంది.

‘పేరును బట్టి రక్తసంబంధం తెలుస్తుంది కదా’ అనే వాదానికి వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. 1875లో చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్, భార్యాభర్తలిద్దరికీ పెళ్లికి ముందే ఒకే ఇంటిపేరు ఉన్న వివాహాలను లెక్కించి, ఇంగ్లాండులో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎన్నో అంచనా వేశాడు. (అతని తల్లిదండ్రులే మేనత్త, మేనమామ బిడ్డలు కావడం గమనార్హం.) 1965లో క్రో, మాంజ్ అనే జన్యుశాస్త్రవేత్తలు ఆ పద్ధతికి గణిత రూపం ఇచ్చారు. పినతండ్రి, పెదతండ్రి బిడ్డల మధ్య పెళ్లిళ్లు వాడుకలో ఉన్న ట్యూనిస్ ముస్లిం సమాజంలో ఆ పద్ధతి కొంత పనిచేస్తుంది. మన దగ్గర పూర్తిగా తలకిందులవుతుంది. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉన్నవారు, పది తరాలుగా రక్తసంబంధం లేకపోయినా, అన్నాచెల్లెళ్లే, పెళ్లి కూడదు. మేనమామ కూతురి ఇంటిపేరు వేరు, పెళ్లి వరస. అక్క కూతురి ఇంటిపేరూ వేరే. ఆమెను చేసుకోవడం చాలా కుటుంబాల్లో మొన్నమొన్నటిదాకా మామూలు సంగతి, జన్యుపరంగా మేనరికం కంటే అది మరింత దగ్గరి సంబంధం. పేరు ఒకటైనచోట రక్తం దూరం, పేరు వేరైనచోట రక్తం దగ్గర. హద్దాదుల విషయంలోనూ చూడండి: మేనమామ మేనకోడలిని పెళ్లాడడం యూదు ధర్మశాస్త్రంలో నిషిద్ధం కాదు, ఇస్లాంలో నిషిద్ధం. పేరు పంచుకున్న ఆ రెండు కుటుంబాలలో రక్తం పంచుకొనే పద్ధతులు వేరు.

విచిత్రమేమంటే ఈ సంగతి మలేషియా చట్టానికి తెలుసు. ముస్లిమేతరుల వివాహాలకు వర్తించే 1976 నాటి చట్టం మేనకోడలితో పెళ్లిని అందరికీ నిషేధిస్తూ, ఆచారం ప్రకారం అక్క కూతురినో చెల్లెలి కూతురినో చేసుకొనే హిందువులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. తోటలకు వలస వెళ్లినవారి ఇంటిపేరుకు పద్దులో గడి దొరకలేదు కానీ, వారి పెళ్లి వరసకు చట్టంలో చోటు దొరికింది. నెత్తురు జబ్బులున్న బిడ్డ కుటుంబ చరిత్ర రాసుకొనేటప్పుడు ఏ వైద్యుడికైనా ఈ రెండో సమాచారమే కావాలి.

అందుచేత, తమ మూలాలను వెదుక్కొంటూ మలేషియా నుంచి వచ్చే యువతరానికి మనవాళ్లు వేసే మొదటి ప్రశ్న, ‘మీ ఇంటిపేరేమిటి?’ అన్నది, వారిని నిరాశపరచడం తప్ప ఎక్కువ పనికిరాదు. 1950ల్లో ఆంధ్ర సంఘంగా మొదలై నేడు మలేషియా తెలుగు సంఘంగా ఉన్న సంస్థ భాషను నిలబెట్టడానికి చేసిన కృషి గొప్పది; 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూరులోనే. అయితే భాష నేర్పినంత సులువుగా ఇంటిపేరును తిరిగి ఇవ్వలేం. దొరకని ఇంటిపేరు స్థానంలో ఒక కులనామాన్ని తగిలించి పంపడం మరీ అన్యాయం. వాళ్ల చేతిలో నిజంగా ఉన్న ఆధారం వేరు. తాతల పేర్లు అప్పలసామి, సింహాచలం, అప్పన్న, సన్యాసి అని కార్డుల మీద వంకర అక్షరక్రమంతో ఇప్పటికీ ఉన్నాయి. సింహాద్రి అప్పన్నను ఇలవేల్పుగా కొలిచే నేల నుంచి వచ్చారని ఆ పేర్లే చెబుతున్నాయి. పద్దు రాసిన గుమాస్తా తొలగించలేకపోయిన చిరునామా అది. దాని తర్వాత అడగవలసింది ఆడవాళ్లను: నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరు, అమ్మమ్మను ఎవరికిచ్చి చేశారు, మేనరికమా బయటి సంబంధమా, పెళ్లి ఏ తోటలో జరిగింది, పీటల మీద పురోహితుడు ఏ గోత్రం చదివాడు. ఆ జవాబులు తెలిసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి.